జాస్ కొనేముందు ఎన్‌వీడీఏ వేసి చూడండి

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే చూపులేని పిల్లలకు కంప్యూటర్ తీసిస్తున్నారా? ముందు తెరమీది రాతను చదివి వినిపించే, దమ్మిడీ ఖర్చులేని ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వేయండి. అదే పని చేసే, డబ్బు పెట్టి కొనాల్సిన జాస్ అయితే లైసెన్సు లేకుండా 40 నిమిషాలే పలుకుతుంది, ఆపైన సిస్టమ్ రీస్టార్ట్ చేయాల్సిందే.

ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి రాతను మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కి వాయిస్ తెలుగులోకి మార్చండి. గొంతు గరుకే, వింటూంటే అలవాటవుతుంది. మొదట్లో వేగం బాగా తగ్గించి పెట్టండి, ఒత్తులు తేటగా వినబడాలి కదా.

కోచింగ్ సెంటర్ నోట్సు తెరవగానే పిచ్చి అక్షరాలు చదువుతోందా? తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఫైలు అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంటులో ఉంది, అందులోవి కంప్యూటర్‌కి తెలుగు అక్షరాలు కావు. కంటికి చక్కటి తెలుగే కనబడుతుంది గనక ఇచ్చినవాళ్లకి ఆ సంగతే తెలియదు. కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చిన ఫైలే కావాలని ముందే గట్టిగా అడగండి.