పాట ప్రేమ గురించా, డ్రగ్స్ గురించా? లిరిక్స్ బట్టి పట్టుకోవడం ఎలా

ముందు పాటలో రహస్య కోడ్ కోసం వేట ఆపేయండి. సూది, పొగ, తెల్ల పొడి, ఎగరడం లాంటివి కనబడగానే ఇది డ్రగ్స్ పాటే అని ఫిక్స్ అయిపోతే ఏ పాటనైనా అలా చేసేయొచ్చు. బీటిల్స్ వాళ్ళది 1967లో లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్ అని ఒక పాట ఉంది కదా, ఇంగ్లీష్ టైటిల్లో మొదటి అక్షరాలు ఏరితే ఎల్ఎస్‌డీ (భ్రమలు కలిగించే ఒక డ్రగ్) వస్తుందని జనం పట్టేసుకున్నారు, పాట రాసిన జాన్ లెననేమో మావాడు జూలియన్ స్కూల్లో గీసిన బొమ్మ చూసి రాశానయ్యా అని చెప్తూనే ఉన్నాడు. అయినా ఎవరు వింటారు!

ఇంకోటి, మత్తు గురించిన పాట వేరు, వ్యసనం గురించిన పాట వేరు. రంగులు కనిపించడం, గాల్లో తేలడం అంటే అది మత్తు, అంతే. వ్యసనం అయితే పాటలో ఒక చక్రం తిరుగుతుంది, కావాలనిపిస్తుంది, దొరుకుతుంది, కాసేపు హాయి, తర్వాత ఖాళీ, ఇంక ముట్టనని ఒట్టు, మళ్ళీ అదే గుమ్మం దగ్గరకి. పైగా మొదట్లో సరిపోయిన డోస్ పోనుపోను సరిపోదు, చివరికి సుఖం కోసం కాదు, వణుకు చెమటలు ఒళ్ళునొప్పులు రాకుండా ఉండటానికే తీసుకోవాల్సొస్తుంది. అందుకని మొదటి చరణంలో "కావాలి" అన్నవాడు రెండో చరణానికి "లేకపోతే ఉండలేను" దాకా వచ్చాడా, పల్లవి ప్రతిసారీ అవే మాటలతో వస్తున్నా మూడోసారికి అందులో సంతోషం పోయి మొక్కుబడిగా వినిపిస్తోందా, డబ్బు, అబద్ధాలు, దూరమైన మనుషులు ఎక్కడైనా తగులుతున్నారా, ఇవి వెతకండి. నాకైతే అబద్ధాలే అన్నిటికంటే గట్టి క్లూ.

తర్వాత "నువ్వు" ఎవరో టెస్ట్ చేయాలి. ఆ నువ్వు స్థానంలో ఒకసారి మనిషిని, ఒకసారి పదార్థాన్ని పెట్టి పాటంతా చదవండి, ఎక్కడ అతకట్లేదో ఆ లైన్ దగ్గర ఆగండి. ఆ నువ్వు ఎప్పుడైనా తిరిగి మాట్లాడుతుందా, అలుగుతుందా, దానికంటూ ఒక ఇష్టం ఉందా? ఏమీ లేకుండా ఊరికే వస్తూ పోతూ ఉంటే డౌట్ పడొచ్చు. బీటిల్స్ వాళ్ళదే, 1966 నాటి గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్ వింటే పక్కా లవ్ సాంగే, కానీ అది గంజాయి గురించి రాశానని ఆ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్నీయే తర్వాత చెప్పాడు. ద స్ట్రాంగ్లర్స్ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్ళ గోల్డెన్ బ్రౌన్ ఇంకా తమాషా, హెరాయిన్ గురించీ ఒక అమ్మాయి గురించీ రెండూ అని వాళ్ళ సింగర్ హ్యూ కార్న్‌వెల్ అన్నాడు, అంటే రెండిట్లో ఒకటే కరెక్ట్ అవ్వాలని రూలేం లేదు.

ట్యూన్ చూసి మోసపోవద్దు. 1997లో థర్డ్ ఐ బ్లైండ్ అనే బ్యాండ్ నుంచి వచ్చిన సెమీ చార్మ్‌డ్ లైఫ్ ఎంత హుషారుగా ఉంటుందో, లోపల ఉన్నది మాత్రం క్రిస్టల్ మెత్ అనే డ్రగ్.

రాసినవాళ్ళ ఇంటర్వ్యూలు మాత్రం మీ సొంత రీడింగ్ అయ్యాకే చూడండి, ముందే చూస్తే ఇక అదే వినిపిస్తుంది. వాళ్ళు కాదన్నారనుకోండి, "ఇలా కూడా వినొచ్చు" అని రాసుకోండి, "అసలు అర్థం ఇదే" అనొద్దు, ఆ పాట పట్టుకుని సింగర్‌కి అలవాటుందని మాత్రం అస్సలు రాయొద్దు. పాడే గొంతు మారినా అర్థం మారుతుంది: 1994లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళ హర్ట్ పాటలో సూది, నొప్పి వింటే వ్యసనమే గుర్తొస్తుంది, అదే పాటని 2002లో అమెరికన్ కంట్రీ సింగర్ జానీ క్యాష్ డెబ్భై ఏళ్ళ వయసులో పాడితే దాదాపు అవే మాటలు ముసలితనం, పోగొట్టుకున్నవాళ్ళ మీదకి వెళ్ళిపోయాయి. కాబట్టి ఏ వెర్షన్ గురించి మాట్లాడుతున్నారో మొదటి లైన్లోనే చెప్పేయండి.