కారమెల్ యాపిల్స్ చేసేముందు: పుల్లతో ఒక జాగ్రత్త, పాకంతో ఒక జాగ్రత్త

అక్టోబర్‌లో అమెరికాలోని మనవాళ్ల ఇళ్లకు తోటల నుంచి యాపిల్స్ సంచులకొద్దీ వస్తాయి. హాలోవీన్ దగ్గర పడుతుంటే పిల్లలు కారమెల్ యాపిల్స్, అంటే పుల్ల గుచ్చి పంచదార, క్రీమ్ పాకంలో ముంచిన యాపిల్స్, కావాలంటారు. మరిగే పాకం ఒళ్లు కాలుస్తుందని అందరికీ తెలుసు. పుల్ల గుచ్చిన చోట వచ్చే ముప్పు చాలామందికి తెలియదు.

2014 చివర్లో, ప్యాక్ చేసి అమ్మిన కారమెల్ యాపిల్స్ వల్ల అమెరికాలోని 12 రాష్ట్రాల్లో 35 మందికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకింది. 34 మంది ఆసుపత్రిలో చేరారు, ఏడుగురు చనిపోయారు. నిజానికి యాపిల్ పుల్లన, కారమెల్‌లో తేమ తక్కువ. విడివిడిగా రెండింటిలోనూ ఆ బ్యాక్టీరియా సరిగా పెరగలేదు. పుల్ల గుచ్చగానే రసం ఊరి తొక్కకీ కారమెల్‌కీ మధ్య చేరుతుంది. అక్కడ దానికి కావలసిన తేమ దొరుకుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే, 25 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచిన, పుల్ల గుచ్చిన కారమెల్ యాపిల్స్ మీద మూడు రోజుల్లోనే లిస్టీరియా వెయ్యి రెట్లు పెరిగింది. ఫ్రిజ్‌లో పెట్టినవాటి మీద వారం దాకా పెరగలేదు.

అందుకే చేసిన రోజే తినేయండి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో ముగించండి. బల్ల మీద అలంకారంగా వదిలేయొద్దు. గర్భిణులకూ వయసు మళ్లినవాళ్లకూ పుల్ల గుచ్చిన యాపిల్ వద్దనే చెబుతాం. బాగా కడిగిన యాపిల్ అప్పటికప్పుడు కోసి, ముక్కల్ని కారమెల్‌లో అద్దుకుని తింటే సరిపోతుంది.

దెబ్బలు, పురుగు రంధ్రాలు ఉన్న కాయలు పక్కన పెట్టండి. గ్రానీ స్మిత్ లాంటి గట్టి, పుల్లటి రకమైతే తీపికి తగ్గట్టు ఉంటుంది. కుళాయి నీటి కింద రుద్ది కడగండి, సబ్బు వద్దు. కొన్న కాయలకు మైనం పూత ఉంటుంది. మరిగే నీటిలో ఐదారు సెకన్లు ముంచి గుడ్డతో గట్టిగా తుడవాలి. లేకపోతే కారమెల్ జారిపోయి అడుగున మడుగు కడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినవెంటనే ముంచినా అంతే, కాయకు చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చాక పూర్తిగా ఆరనిచ్చి, ముంచేముందే పుల్ల గుచ్చండి.

ఎనిమిది కాయలకు రెండు కప్పుల పంచదార, రెండు కప్పుల హెవీ క్రీమ్, కప్పు కార్న్ సిరప్, అరకప్పు వెన్న. ఇవన్నీ కలిపి కాచేటప్పుడు బాగా పొంగుతుంది కాబట్టి అయిదు లీటర్ల మందపాటి గిన్నె తీసుకోండి. మధ్యస్థ మంట మీద అడుగంటకుండా కలుపుతూ 245 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా కాచాలి. 235 దగ్గరే దించితే కాయ మీద నిలవదు, 255 దాటితే పళ్లకు అతుక్కుని లాగుతుంది. థర్మామీటర్‌ను ముందే మరిగే నీటిలో పెట్టి చూడండి: 212 చూపాలి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో నీరు 202 దగ్గరే మరుగుతుంది, అక్కడ పాకాన్నీ పది డిగ్రీలు ముందే దించాలి. అనుమానం ఉంటే అరిసెల పాకానికి చూసినట్టే చన్నీళ్లలో చుక్క వేయండి. గట్టి ఉండ కట్టాలి.

ముంచడం పెద్దవాళ్ల పనే. పిల్లలకు చల్లారిన కాయల మీద వేరుశనగపప్పు అద్దే పని ఇవ్వండి. పొయ్యి దగ్గర పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు చెప్పులు ఉండాలి. వేలితో రుచి చూడొద్దు: పాకం నీటిలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పడితే వెంటనే చల్లటి కుళాయి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. అతుక్కున్నదాన్ని పీకొద్దు. ఐసు, పసుపు, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టొద్దు. బొబ్బ అరచేతికి మించినా, ముఖం మీద పడినా, చిన్నపిల్లలైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.