పాత టేబుల్ సా కింద దుమ్ము లాగే తొడుగు ఎలా చేసుకోవాలి?

యాంగిల్ ఐరన్ స్టాండు, పైన ఇనుప బల్ల, కింద వీ-బెల్టుతో షాఫ్టును తిప్పే మోటారు. మన వడ్రంగి షెడ్లలో ఇలాంటి పాత టేబుల్ సాలు (బల్ల సందులోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మెషిన్లు) ఇంకా బోలెడు ఉన్నాయి. వీటి అడుగు మొత్తం తెరిచే ఉంటుంది. ముతక పొట్టు కింద కుప్పపడుతుంది, దాన్ని చీపురుతో ఎత్తేయొచ్చు. గాల్లో తేలే సన్నటి దుమ్ముతోనే అసలు టెన్షన్. కలప దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఎండీఎఫ్ (కలప నారను జిగురుతో అదిమి చేసిన పలక), ప్లైవుడ్ కోస్తే దానికి జిగురు దుమ్ము కూడా తోడవుతుంది. ఒక్క రోజు పనితో చాలావరకు ఆపగలిగిన దుమ్మును ఏళ్ళ తరబడి పీలుస్తూ ఉండటం నాకు బాధగా అనిపిస్తుంది.

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.

తర్వాత బ్లేడు పొట్టును ఎటు విసురుతుందో చూడండి. మీ వైపున్న పళ్ళు కిందికి దిగి, అడుగున వెనక్కి తిరుగుతాయి. అంటే పొట్టు ముందు భాగంలో కిందికి, అడుగున వెనక వైపుకి పోతుంది. కాబట్టి దుమ్మును లాగే మెషిన్‌కి వెళ్ళే పైపు నోరు తొడుగు అడుగున, వెనక్కి వాలినట్టు ఉండాలి. పక్క గోడకు పెడితే పొట్టు మలుపు తిరగాలి, అక్కడే మూలల్లో పేరుకుంటుంది.

ఇప్పుడు అట్టపెట్టె ముక్కలతో నమూనా చేయండి. తొడుగు బ్లేడు భాగాన్ని మాత్రమే కప్పాలి. పుల్లీ, బెల్టు, మోటారు బయటే ఉండాలి, లేకపోతే మోటారుకు గాలి ఆడదు. 10 అంగుళాల బ్లేడు అయితే లోపల పొడవు 30 సెంటీమీటర్లు పెట్టుకోండి. బ్లేడుకీ, నట్టుకీ అన్ని వైపులా కనీసం 15 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. బ్లేడును చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎత్తు మారే మెషిన్ అయితే పై నుంచి కింది దాకా నడిపి చూసుకోండి.

గోడలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బాగుంటుంది. అడుగున వాలుగా ఉండే భాగానికి జీఐ షీటు (జింకు పూత ఉన్న ఇనుప రేకు) వాడండి, పొట్టు సులువుగా జారుతుంది. ఆ వాలు 45 డిగ్రీలకు తగ్గకూడదు. షాఫ్టు వైపు గోడను రెండు ముక్కలుగా కోసి, అర్ధచంద్రాకారపు గాట్లు పెట్టి షాఫ్టు చుట్టూ కలపండి. షాఫ్టుకు తగలకుండా 5 మిల్లీమీటర్లు వదలండి. ఎదుటి గోడను కబ్జాల (మడత బందుల) తలుపుగా చేస్తే బ్లేడు మార్చేటప్పుడు మొత్తం ఊడదీయక్కర్లేదు. అతుకులన్నిటికీ సిలికాన్ పూయండి. జీఐ షీటును ఒక వైరుతో మెషిన్ బాడీకి కలిపి ఎర్త్ చేయండి.

పైపు 4 అంగుళాలది కావాలి. పొట్టు దారిలో ఆగిపోకుండా ఉండాలంటే పైపులో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోవాలి. ఈ సైజు పైపుకి అది గంటకు 550 ఘనపు మీటర్లకు పైమాటే. సన్న గొట్టపు వాక్యూమ్ క్లీనర్ దీనికి చాలదు, సంచి ఉన్న డస్ట్ కలెక్టర్ ఉండాలి. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 4 అంగుళాల హోస్‌లోకి నేరుగా ఎక్కదు, కాబట్టి షాపుకి హోస్ ముక్క పట్టుకెళ్ళి అడాప్టర్ సరిచూసుకోండి.

చాలామంది గాలి సందు ఒక్కటీ లేకుండా మూసేస్తారు. అలా చేస్తే కలెక్టర్‌కి లాగడానికి గాలే దొరకదు, పొట్టు కదలదు. 4 అంగుళాల పైపు నోరు సుమారు 80 చదరపు సెంటీమీటర్లు. బల్ల మీది బ్లేడు సందు నుంచి వచ్చే గాలి చాలా తక్కువ. అందుకే ముందు గోడలో, బల్లకి దగ్గరగా, సుమారు 60 చదరపు సెంటీమీటర్ల గాడి ఒకటి వదలండి. అక్కడి నుంచి వచ్చే గాలి పొట్టు పడే దారినే ఊడ్చుకుపోతుంది.

కొన్ని మెషిన్లలో ఎత్తు మార్చడానికి బల్లనే లేపుతారు. అలాంటప్పుడు తొడుగును స్టాండుకి బిగించి, బల్లకీ దానికీ మధ్య పాత సైకిల్ ట్యూబు రబ్బరు వేలాడదీయండి. బ్లేడును పక్కకి వాల్చే రకమైతే ఈ తొడుగు పనికిరాదు, స్టాండు అడుగంతా గరాటులా మూయాలి.

పరీక్షకు మెషిన్ ఆపి, కలెక్టర్ మాత్రమే ఆన్ చేసి, బ్లేడు సందు మీద పల్చటి టిష్యూ పేపర్ కుచ్చు పట్టుకోండి. కిందికి గట్టిగా లాగాలి. అగరొత్తి పొగతో చూడకండి, నిప్పురవ్వ సంచిలోని పొట్టులో పడితే నిప్పంటుకుంటుంది. మేకులున్న పాత కలప కోసిన రోజు కూడా సంచి తప్పకుండా ఖాళీ చేయండి.

అంచులు సన్నగా చెక్కేటప్పుడు కొంత దుమ్ము బల్ల పైకే ఎగురుతుంది. దాన్ని కింది తొడుగు పట్టలేదు, అందుకని ఎన్95 మాస్కు వేసుకోవాల్సిందే.