హాజరు పట్టీ దగ్గర మొదలయ్యే గౌరవం: ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

సమానత్వం గురించి పాఠం చెప్పే ముందు ఉపాధ్యాయులు తరగతి గదిలో తమ దినచర్యను ఒకసారి పరిశీలించుకోవాలి. ఉపకార వేతనాల దరఖాస్తులు వచ్చిన రోజున "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని అందరి ఎదుటా పిలిస్తే, అంతకుముందు ఎంత చక్కగా పౌరశాస్త్రం బోధించినా ఆ ఫలితం అక్కడితో పోతుంది. కులం వివరాలు ప్రవేశాల రిజిస్టరులో ఉండనే ఉంటాయి. మరేదైనా అవసరమైతే ఆ విద్యార్థిని విడిగా పిలిచి అడగాలి. గది ఊడ్చే పని ఆడపిల్లలకూ, బెంచీలు జరిపే పని మగపిల్లలకూ కేటాయించకుండా, హాజరు పట్టీ వరుసలో అందరికీ వంతులు వేయాలి.

గుంటూరు పరిసరాల బడులకు ప్రత్యేకమైన సమస్య మరొకటి ఉంది. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలి కుటుంబాలు వలస వస్తాయి. వారి పిల్లలు ఏడాది మధ్యలో తరగతిలో చేరి "యాడికి పోతివి" అనగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ఇక్కడ నవ్వినవారిని మందలించడం కంటే, "ఎక్కడికెళ్లావు", "యాడికి పోతివి" రెండింటినీ బోర్డు మీద పక్కపక్కనే రాసి, రెండూ తెలుగేనని చూపి, ఇలాంటి జంట మాటలను పిల్లలచేతనే సేకరింపజేయడం మేలు. కొత్తగా వచ్చిన పిల్లను చివరి బెంచీలో కాక, స్నేహంగా మెలిగే విద్యార్థిని పక్కన కూర్చోబెట్టాలి. కోతలు ముగిసి ఆ కుటుంబం తిరిగి వెళ్లేటప్పుడు, ఆ పిల్ల ఏ పాఠం వరకు చదివిందో కాగితం మీద రాసి ఇస్తే సొంతూరి బడిలో పనికొస్తుంది. ఇది ఏ నియమావళీ అడగని పనే కానీ, చేయదగినది.

మధ్యాహ్న భోజనం వేళ గుడ్డు తిననివారినీ, రంజాన్ ఉపవాసంలో ఉన్నవారినీ కారణం అడగకూడదు. ఉపవాసం ఉన్న పిల్లలు వడ్డన దగ్గర కాకుండా గ్రంథాలయంలో కూర్చునే వీలు కల్పిస్తే చాలు. వినికిడి లోపమున్న విద్యార్థి ఉంటే, బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటును మానుకోవాలి.

ఇవి కుదిరాకే పాఠానికి రావాలి. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణను చదివించి, 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కవిగా ఎదిగే క్రమంలో ఎదుర్కొన్న కుల వివక్షను దానికి జోడిస్తే, చట్టం ఎందుకు అవసరమైందో ఎనిమిదో తరగతి వారికి సైతం అర్థమవుతుంది. అయితే చర్చలో ఏ విద్యార్థినీ సొంత ఇంటి అనుభవం చెప్పమని ఒత్తిడి చేయకూడదు.

ఎవరైనా కులం పేరుతోనో, శరీర లోపంతోనో తోటివారిని పిలిచినట్లు తెలిస్తే, ముందుగా మాట పడిన పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడాలి; ఆ తరువాతే అన్నవాడితో. అందరిముందూ క్షమాపణ చెప్పిస్తే బాధితుడికి రెండోసారి అవమానం జరుగుతుంది. అన్నవాణ్ని కొట్టడం, గుంజీలు తీయించడం కూడా పరిష్కారం కాదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది, ఆ రక్షణ తప్పు చేసిన పిల్లవాడికీ వర్తిస్తుంది.