ట్రాక్ మీద ఆ పసుపు దీపం ఎందుకు మెరుస్తోంది? కొత్త డ్రైవర్లకు స్టెబిలిటీ కంట్రోల్ సమస్యలు - పరిష్కారాలు

మన బెజవాడ నుంచి ట్రాక్ డేకి (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లడమంటే ముందురోజే బయల్దేరాలి. వారధి దాటి, పదహారో నంబరు హైవే మీద ఒంగోలు, నెల్లూరు మీదుగా 450 కిలోమీటర్ల పైచిలుకు నడిపితే చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై వస్తుంది. అక్కడున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 1990లో మొదలైంది. ఒక ల్యాపు, అంటే ట్రాక్ మీద ఒక పూర్తి చుట్టు, సుమారు 3.7 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి హెల్మెట్ పెట్టుకుంటుంటే పక్క కారువాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈఎస్‌సీ ఆఫ్ చేశావా బాబాయ్?"

చేయకండి. ఈఎస్‌సీ అంటే బండి జారబోతే పట్టుకునే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, మీటర్లో మెరిసే ఆ పసుపు దీపం దానిదే. మొదటి రెండు మూడు ట్రాక్ డేల్లో అసలు ఆ బటన్ జోలికే పోవద్దు. ఆ దీపం మెరిసిన ప్రతిసారీ మీ చేతిదో కాలిదో ఒక తప్పు బయటపడుతుంది. దీపాన్ని ఆపేస్తే తప్పు పోదు, కనపడకుండా ఉంటుందంతే. అందుకే ఇక్కడ ముందు లక్షణం, తర్వాత కారణం చూద్దాం. సెట్టింగ్ మార్చే మాట చివర్లో.

ముందు ఒక్క ముక్క. 1995లో బాష్ కంపెనీతో కలిసి మెర్సిడెస్ తన ఎస్ క్లాస్‌లో తెచ్చిన పద్ధతే ఇది. (మన బెంజ్ సర్కిల్‌కీ దీనికీ సంబంధం లేదు లెండి.) కంపెనీని బట్టి ఈఎస్‌పీ, ఈఎస్‌సీ, వీఎస్‌సీ, డీఎస్‌సీ అని పేర్లు మారతాయి, పని ఒకటే. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చెబుతుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకొకటి చెబుతుంది. రెంటికీ పొంతన కుదరకపోతే కంప్యూటర్ ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది, ఇంజన్ బలం తగ్గిస్తుంది. చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ దీని తమ్ముడు. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వేరు. ఈఎస్‌సీ బటన్ నొక్కితే ఏబీఎస్ ఆగదు, ఆగకూడదు కూడా. ఫ్యూజు పీకితే ఏబీఎస్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల బండిలో ఎక్కకండి.

మలుపు దాటుతుంటే యాక్సిలరేటర్ తొక్కినా బండి పలకడం లేదు

అందరూ చెప్పే ఫిర్యాదు ఇదే. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఉంటుంది. మీటర్లో దీపం టపటపా కొట్టుకుంటుంది.

మనం నడిపే చిన్న కార్లు, సెడాన్లు చాలావరకు ముందు చక్రాలతో లాగేవే. మలుపులో ఉన్నప్పుడు బరువంతా బయటివైపు టైర్ల మీద పడుతుంది. లోపలివైపు ముందు చక్రం తేలికైపోతుంది. స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే మీరు పెడల్ తొక్కితే ఆ తేలిక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ అది పసిగట్టి ఇంజన్‌ని అణుస్తుంది. అంటే మీకు పికప్ రాకపోవడానికి కారణం కంప్యూటర్ కాదు, తొందర.

ఇక్కడే చాలామంది బటన్ నొక్కేస్తారు. అప్పుడు ఏమవుతుంది? ఆ చక్రం ఇంకా ఎక్కువ తిరుగుతుంది, రబ్బరు కాలుతుంది, ముక్కు బయటికి జారుతుంది. శబ్దం ఎక్కువ కాబట్టి వేగంగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది గానీ ల్యాపు టైము పెరుగుతుంది.

చేయాల్సింది చేతులతో మొదలవుతుంది. స్టీరింగ్ విప్పడం, అంటే తిప్పినదాన్ని తిరిగి తిన్నగా తేవడం, మొదలుపెట్టాకే కాలు దించాలి. ఎంత విప్పితే అంతే దించాలి. పూర్తిగా నిటారు అయ్యాకే పెడల్ నేలకు ఆనాలి. మొదటి సెషన్‌లో ఒకే ఒక్క మలుపు పట్టుకుని అక్కడ దీపం వెలగకుండా బయటికి రావడం సాధన చేయండి. ఒక అర సెకను ఆగి తొక్కితే, అవతలి స్ట్రెయిట్ చివర స్పీడోమీటర్ ముందుకన్నా ఎక్కువ చూపిస్తుంది. మొదటిసారి అది చూసి నేనే నమ్మలేదు.

మలుపు మధ్యలో బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటోంది

మీరు స్టీరింగ్ తిప్పారు. బండి తిరగలేదు. ఇంకొంచెం తిప్పారు. టైర్లు కీచుమన్నాయి. అంతలో లోపలివైపు వెనక చక్రానికి బ్రేకు పడి, బండి కుదుపుతో లోపలికి వచ్చింది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. దానికి కారణం, మీరు మలుపులోకి వచ్చిన వేగం.

ముందు టైర్లకు ఉన్న పట్టు అంతా ఖర్చయిపోయాక స్టీరింగ్ ఇంకా తిప్పినా ఫలితం ఉండదు, ఉన్న పట్టు కూడా పోతుంది. బ్రేకు ఒక పది మీటర్ల ముందు మొదలుపెట్టండి. జారడం మొదలైతే స్టీరింగ్ రవ్వంత విప్పి, కాలు మెల్లగా తగ్గించండి, టైరు మళ్లీ పట్టుకుంటుంది. "ఇంకా తిప్పాలి" అని మనసు అరుస్తుంటే విప్పడం కష్టమే. కానీ వేరే దారి లేదు.

భయమేసి కాలు తీశాను, వెనక భాగం విసిరింది

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. ఈఎస్‌సీ ఆన్‌లో ఉండాలని నేను పట్టుబట్టేదీ దీని కోసమే.

వేగంగా మలుపులో ఉన్నారు, బయటి అంచు దగ్గరికి వస్తోంది, గుండె ఝల్లుమంది, పెడల్ మీంచి కాలు ఠక్కున తీసేశారు. బరువంతా ముందుకు వాలింది, వెనక టైర్లు తేలికయ్యాయి, తోక బయటికి తిరిగింది. కంప్యూటర్ బయటివైపు ముందు చక్రానికి బ్రేకు వేసి ముక్కును బయటికి లాగుతుంది, బండి నిటారు అవుతుంది. ఇదంతా ఎంత త్వరగా జరుగుతుందంటే, దీపం ఒక్కసారి మెరిసిందని తప్ప మీకు ఇంకేమీ తెలియదు. అది ఆఫ్‌లో ఉంటే ఆ పని మీరే స్టీరింగ్‌తో చేయాలి, అదీ అంతే వేగంగా. మొదటి రోజు ఎవరివల్లా కాదు.

పరిష్కారం: వేగం తగ్గించడం ఏదైనా ఉంటే మలుపు తిప్పకముందే అయిపోవాలి. మధ్యలో భయం వేస్తే కాలు తీయండి, కానీ మెల్లగా. చూపు మాత్రం గడ్డి మీదికి పోకూడదు, వెళ్లాల్సిన దారి మీదే ఉండాలి. ఇంత చేసినా బండి గిరగిరా తిరిగిపోతుంటే క్లచ్, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కి పట్టుకోండి. బండి ఆగేదాకా వదలకండి. సగంలో వదిలితే అది ఎటు దూసుకుపోతుందో చెప్పలేం.

మొదటి మూడు ల్యాపులు బాగున్నాయి, తర్వాత దీపం ఆగకుండా మెరుస్తోంది

టైర్లు వేడెక్కాయి. రోడ్డు టైరు ట్రాక్ వేడికి మెత్తబడి జిడ్డుగా జారుతుంది. లోపల గాలి కూడా నాలుగైదు పాయింట్లు పెరుగుతుంది. మీరు అదే వేగంతో వెళ్తున్నా పట్టు తగ్గింది కాబట్టి కంప్యూటర్ ఎక్కువసార్లు కల్పించుకుంటుంది. ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటు) రండి. వేడి మీదే గాలి కొలిచి, పెరిగింది కొంచెం తీయించండి. ఎంత తీశారో ఫోన్లో రాసుకోండి, ఇంటికి వచ్చేటప్పుడు అవసరం.

బ్రేకు వాసన, పెడల్ లోపలికి దిగిపోతోంది

ఈఎస్‌సీ వాడేది మీ బ్రేకులనే అని గుర్తుంచుకోండి. అది మాటిమాటికీ కల్పించుకుంటే ప్యాడ్లు మీరు తొక్కకపోయినా అరుగుతాయి, వేడెక్కుతాయి. కానీ అసలు దోషి ఎక్కువసార్లు పాత బ్రేక్ ఆయిలే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక దాని ప్రమాణం 155 డిగ్రీలే. అది మరిగితేనే పెడల్ అలా లోపలికి దిగిపోతుంది. కృష్ణా ఒడ్డున మన ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లకండి, ముందే ఆటోనగర్‌లో మార్పించుకోండి. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేకు లాగవద్దు, గేరులో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి.

దీపం మెరవడం లేదు, అలాగే వెలిగి ఉంటోంది; లేదా ఒకవైపు మలుపుల్లోనే వస్తోంది

మెరిస్తే పని చేస్తున్నట్టు. అలాగే వెలిగి ఉంటే ఆఫ్‌లో ఉన్నట్టో, చెడిపోయినట్టో. ఈ తేడా తెలియక "ఈఎస్‌సీ ఉంది కదా" అనే ధైర్యంతో దిగేవాళ్లను చూశాను.

నాకు జరిగింది చెబుతాను. ట్రాక్‌కి వెళ్లే ముందు ఇక్కడే ఒక షాపులో టైర్లు మార్చి అలైన్‌మెంట్ చేయించాను. హైవే మీద స్టీరింగ్ కాస్త ఎడమకి వాలి ఉందని గమనించాను గానీ బండి తిన్నగానే పోతోంది కదా అని ఊరుకున్నాను. ట్రాక్ మీద కుడి మలుపుల్లో దీపం ముందే వచ్చేస్తోంది, ఎడమ మలుపుల్లో అసలు లేదు. రోజంతా కుడి మలుపులు నాకు చేతకావడం లేదనుకుని తెగ టెన్షన్ పడ్డాను. తిరిగొచ్చాక ఇంకో షాపులో కుర్రాడు స్కానర్ పెట్టి చూసి నవ్వాడు: "అన్నా, బండి తిన్నగా పోతున్నా కంప్యూటర్ మాత్రం మీరు స్టీరింగ్ తిప్పి పట్టుకున్నారనుకుంటోంది." అలైన్‌మెంట్ సరిచేసి, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకి తెచ్చాడు. అరగంట పని. నేను మాత్రం దాని వల్ల ఒక రోజు, రెండు ట్యాంకుల పెట్రోలు పోగొట్టుకున్నాను.

కాబట్టి అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ నిటారుగా ఉందో లేదో చూడండి, యాంగిల్ సెన్సర్ సరిచేశారా అని అడగండి. బ్యాటరీ తీసి పెట్టాక కూడా కొన్ని కార్లలో దీపం వెలుగుతుంది. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, కాస్త దూరం తిన్నగా నడిపితే చాలావాటిలో పోతుంది. ఇవేవీ కాకపోతే చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్‌కి మట్టి పట్టిందేమో చూడాలి. నాలుగు టైర్ల సైజు, అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడాలి. చిన్న సైజు స్టెప్నీ వేసుకుని ట్రాక్ ఎక్కడం అసలు కుదరదు.

ఆఫ్ చేశాను, అయినా కల్పించుకుంటోంది

బహుశా మీరు పూర్తిగా ఆఫ్ చేయలేదు. హ్యుందాయ్ కార్లలో చాలావాటికి బటన్ ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. మూడు సెకన్లకు పైగా పట్టుకుంటేనే ఈఎస్‌సీ ఆగుతుంది. బీఎండబ్ల్యూలో చిన్న నొక్కుకి సగం వదులు, ఎక్కువసేపు నొక్కితే పూర్తి ఆఫ్. కొన్ని ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో ఎక్స్‌డీఎస్ అనే ఏర్పాటు లోపలి చక్రానికి విడిగా బ్రేకు వేస్తూనే ఉంటుంది. కొన్ని బండ్లు గట్టిగా బ్రేకు తొక్కగానే మళ్లీ ఆన్ అవుతాయి. చాలావాటిలో ఇంజన్ ఆపి స్టార్ట్ చేస్తే మొదటికొస్తాయి. మీ బండి పుస్తకంలో ఆ పేజీ చదవడం తప్ప దగ్గరి దారి లేదు.

మరి ఎప్పుడు మార్చాలి?

ఒక సెషన్ మొత్తం, మీకు అలవాటైన వేగంతో, దీపం ఒక్కసారి కూడా మెరవకుండా తిప్పగలిగారా? ఒకటి కాదు, వరసగా మూడు సెషన్లు? అప్పుడు స్పోర్ట్ మోడ్ ఉంటే అందులోకి వెళ్లండి. అది కాస్త జారనిచ్చి, చేయి దాటబోతే పట్టుకుంటుంది. నా లెక్కలో రోడ్డు మీద నడిపే కారుకు ఇంతకన్నా ముందుకెళ్లాల్సిన అవసరం చాలామందికి ఎప్పటికీ రాదు. పూర్తిగా ఆఫ్ అనేది పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నప్పుడు, ఖాళీ స్థలంలో మాత్రమే.

వెనక చక్రాలతో నడిచే బండి అయితే ఇంకా ఓపిక పట్టండి. ఎస్‌యూవీ అయితే ఆ ఆలోచనే వద్దు, ఎత్తు బండి పల్టీ కొట్టకుండా చూసే పనిలోనూ ఈఎస్‌సీకి భాగం ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. ట్రాక్ తడిస్తే స్పోర్ట్ మోడ్ నుంచి కూడా మామూలుకి రావాలి.

వెళ్లే ముందు ఇక్కడే ఒకసారి ఆఫ్ చేసి చూద్దామని కరకట్ట రోడ్డు ఎక్కేవాళ్లకు ఒక మాట. అక్కడ పక్కకు జారితే ఆపడానికి ఖాళీ లేదు. ఎదురుగా గేదెలు, స్కూటర్లు వస్తాయి. ఇక ట్రాక్ సంగతి: మన మామూలు వాహన బీమా పాలసీలు రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించవు. అక్కడ గోడకు తగిలితే ఆ ఖర్చు మీ జేబులోంచే పోతుంది.

సాయంత్రం ట్రాక్ గేటు దాటే ముందు తీసిన గాలి మళ్లీ కొట్టించండి. బ్రేకు పెడల్ గట్టిగా ఉందో లేదో చూడండి. ఇంజన్ ఒకసారి ఆపి స్టార్ట్ చేసి, మీటర్లో ఆ పసుపు దీపం వెలిగి ఆరిపోయిందని చూసుకుని మరీ హైవే ఎక్కండి.