అపార్ట్‌మెంట్‌లో ఉమ్మడి తోట: సెల్లార్ గీత గీయకముందే తేల్చుకోవలసిన సంగతులు

బెంగళూరులో వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు సొంత స్థలాన్ని జాయింట్ డెవలప్‌మెంట్‌కు ఇచ్చే తెలుగు కుటుంబాలు ప్లాను చేతికి రాగానే ఫ్లాట్ల పంపకం, పార్కింగ్, లిఫ్టుల గురించి గట్టిగా అడుగుతాయి. తోట సంగతి మాత్రం చివర్లో చూద్దామని వదిలేస్తాయి. ఈ నగరంలో అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీసే వృత్తిలో ఉన్న నేను చూసినంతవరకు, ఉమ్మడి తోట పచ్చగా బతుకుతుందా, మూడేళ్లకే ఎండిపోతుందా అన్నది సెల్లార్ హద్దు గీసిన రోజునే తేలిపోతుంది.

మొదట ఖాళీ స్థలం లెక్కను విడదీసి చూడాలి. ఎత్తైన భవనాల చుట్టూ ఫైరింజన్ తిరిగేందుకు కనీసం 6 మీటర్ల వెడల్పున, 45 టన్నుల బరువు మోయగల గట్టి నేల ఉండాలని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. రెండెకరాల నలుచదరపు స్థలంలో ప్రహరీ వెంబడి ఆ దారి ఒక చుట్టు తిరిగేసరికి దాదాపు అరెకరం దానికే పోతుంది. ప్రాణాలకు సంబంధించిన ఆ దారిని తగ్గించమని ఎవరూ అడగకూడదు, అలాగని దాన్ని ఓపెన్ స్పేస్ పేరుతో తోట లెక్కలో కలపనివ్వకూడదు. అది పోగా మిగిలిన చోటును టవర్ల సందుల్లో పూలమడులుగా పంచేయకుండా ఒకేచోటికి చేర్చమని ఆర్కిటెక్టును అడగండి, ఎందుకంటే పిల్లలు పరుగెత్తడానికి, పదిమంది కూర్చోవడానికి కావలసింది ఆ ఒక్క పెద్ద చోటే.

ఇక అసలు విషయం సెల్లార్. పార్కింగ్ కోసం స్థలమంతా తవ్వేసి పైన స్లాబు వేస్తే, తోటకు మిగిలేది ఆ స్లాబు మీద పోసిన మట్టి మాత్రమే. గడ్డికి 30 సెంటీమీటర్ల మట్టి చాలు, పొదలకు 60 వరకు కావాలి, నీడనిచ్చే చెట్టుకు మీటరు, అంతకు మించి ఉండాలి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు దాదాపు 1.8 టన్నులు తూగుతుంది కాబట్టి, ఈ బరువును స్ట్రక్చరల్ ఇంజినీరుకు ముందే చెప్పకపోతే తరవాత చేయగలిగింది ఏమీ ఉండదు. నేను తొలినాళ్లలో పనిచేసిన ఒక ప్రాజెక్టులో స్లాబును అర మీటరు మట్టికే లెక్కగట్టారు, మేము అందులోనే వేపలు, కానుగలు నాటించాము. మూడో ఏడు మే నెల గాలివానకు ఒక వేప ఒరిగిపోయింది. వెళ్లి చూస్తే దాని వేళ్లు లోతుకు దిగే దారిలేక, కంచం బోర్లించినట్టు చుట్టూ పరుచుకుని ఉన్నాయి, కొన్ని వాటర్‌ప్రూఫింగ్ పొరను చీల్చుకుని సెల్లార్ కప్పు దాకా వెళ్లాయి. కింద కార్ల మీద తెల్లటి సున్నపు చారలు పడుతున్నాయని నివాసులు ఏడాదిగా మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ తప్పులో నా పాలు ఉంది. అప్పటినుంచి స్థలంలో కనీసం ఐదో వంతును సెల్లార్ లేని అసలు నేలగా వదలాలని నేను పట్టుబడుతున్నాను. తప్పనిసరై స్లాబు మీద తోట వేయవలసి వస్తే వేళ్లను ఆపే పొర, నీరు జారిపోయే పొర రెండూ వేయించి, మట్టి పోయకముందు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి కప్పు కారడం లేదని చూసుకోవాలి.

ఆ వదిలిన నేల స్థలంలో పల్లపు మూలన ఉంటే వాననీటికీ దారి దొరుకుతుంది. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే రెండు వేల చదరపు మీటర్ల డాబా మీద ఏటా 19 లక్షల లీటర్లకు పైగా కురుస్తుంది. నిల్వ తొట్టి నిండగా పొర్లే నీటిని ఇంకుడు బావుల్లోకి మళ్లించాలి. ఈ బావులు తవ్వడంలో ఇక్కడి మన్ను వడ్డర్లకు తరతరాల నేర్పు ఉంది, వారి ఇంటి మాట మన తెలుగుకు దగ్గరిది కాబట్టి నేల స్వభావాన్ని వారినే నేరుగా అడిగి తెలుసుకోవచ్చు. 2024 మార్చి నీటి ఎద్దడిలో తోటలకు తాగునీరు వాడితే ఐదు వేల రూపాయల జరిమానా వేస్తామని బెంగళూరు జలమండలి ప్రకటించిన సంగతి గుర్తుంచుకుని, ఎస్టీపీలో (అపార్ట్‌మెంట్ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో) తేరిన నీటికి ప్రత్యేకమైన పైపు, డ్రిప్పు ముందే వేయించండి. పచ్చిక తక్కువగా, కానుగ, పొగడ, నేరేడు వంటి చెట్లు ఎక్కువగా ఉండనివ్వండి.

ఆటస్థలాన్ని వీలైతే భవనానికి తూర్పున పెట్టాలి. పిల్లలు సాయంత్రం నాలుగున్నరకు దిగుతారు, ఆ వేళకు భవనం నీడ తూర్పు వైపే పడుతుంది. వంటింటి కిటికీలు కొన్నైనా అటు చూస్తే ఇంకా మంచిది, అయితే నాలుగో అంతస్తు దాటాక పిల్లవాడిని పేరు పెట్టి పిలిచే వీలు తగ్గిపోతుంది.

కూర్చునే చోట్లను జనం నడిచే దారి వెంట పెట్టాలి. ఒక అపార్ట్‌మెంట్‌లో ఎస్టీపీ వెనక ఖర్చుపెట్టి కట్టిన పెర్గోలా (కమ్మీల పందిరి) ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అనకాపల్లి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం రోజూ మూడు గంటలకు మనవరాలి స్కూలు బస్సు కోసం గేటు పక్కన ర్యాంపు పిట్టగోడ మీద, కొంగు పరుచుకుని, ఒక కాలు నేలకు ఆనక ఇబ్బందిపడుతూ కూర్చునేవారు. లిఫ్టు నుంచి గేటుకు వెళ్లే దారిలో, చెట్టు కింద, 45 సెంటీమీటర్ల ఎత్తున అరుగు కట్టిస్తే ఆ ఇబ్బంది ఉండదు. బాసింపట్టు వేసుకుని కూర్చునేందుకు లోతు ముప్పావు మీటరు ఉండాలి. బెంగళూరు దగ్గర దొరికే సాదరహళ్లి గ్రానైట్ రాయి పలకలు దీనికి చక్కగా సరిపోతాయి.

కమ్యూనిటీ హాలును పై అంతస్తులో కాక తోటలోకి తెరుచుకునేలా నేల మీదే కట్టి, మధ్యలో కప్పున్న వసారా ఉంచాలి. కార్తీక వనభోజనాల వేళకు బెంగళూరులో వానలు పూర్తిగా వెనక్కి తగ్గవు, ఉసిరి చెట్టు కింద వేసిన విస్తళ్లను చినుకు పడగానే వసారాలోకి జరుపుకోవాలి. కన్నడ రాజ్యోత్సవానికైనా, సంక్రాంతి ముగ్గులకైనా, బతుకమ్మకైనా ఆ చోటే ఉపయోగపడుతుంది. బయట చేతులు కడుక్కునే కుళాయిలు, పెద్ద గిన్నెలు తోమే తొట్టి, ప్లగ్ పాయింట్లు ప్లానులోనే గుర్తించండి. హాలుకు సరిగ్గా పైన పడకగదులు రాకుండా చూసుకోండి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. ఉమ్మడి స్థలాల హక్కును నివాసుల సంఘానికి రాసి ఇవ్వాలని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మంజూరైన ప్లానులోని ఉమ్మడి స్థలాలను మార్చాలంటే మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి ఉండాలని 14వ సెక్షన్ చెబుతోంది. తోట, అసలు నేల హద్దు, ఇంకుడు బావులు ఆ ప్లానులో కొలతలతో సహా ఉంటేనే ఈ రక్షణ పనికొస్తుంది.

చెట్లను పని పూర్తయ్యాక కాక, భూమిపూజ జరిగిన వానాకాలంలోనే సెల్లార్ లేని మూలన నాటించండి. కట్టడానికి పట్టే మూడు నాలుగేళ్లలో అవి తలెత్తు దాటుతాయి. చుట్టూ రేకుల కంచె వేయించి, కాంక్రీటు మిక్సర్లు కడిగిన నీళ్లు అటు పారకుండా అడుగున్నర ఎత్తు మట్టిగట్టు పోయించండి.