పాత కాటలీనా 22 మాస్ట్ ఎత్తే ముందు

కాటలీనా 22 అంటే అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరికే సెయిల్‌బోట్ (తెరచాప పడవ), కొనేశారు సరే, కానీ ముందు తల పైకెత్తి చూడండి, పడవని నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర కరెంటు తీగలుండి అల్యూమినియం మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) వాటికి తగిలిందంటే ప్రాణాలే పోతాయి.

మాస్ట్‌ని నిలబెట్టే స్టీలు తీగల మీద దూది రాసుకుంటూ పోండి, పోగు తెగిన చోట చిక్కుకుంటుంది (ఒట్టి చేత్తో వద్దు, చీరుకుపోతుంది). ముఖ్యంగా తీగ ఫిట్టింగులోకి దూరే చోట చూడాలి, నీరు నిలిచి తుప్పు మొదలయ్యేది అక్కడే. ఒక్క పోగు తెగినా తీగ మార్చాల్సిందే.

స్టీలు బోల్టులు అల్యూమినియానికి తగిలే చోట తెల్లటి పొడి కనిపిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తోందన్నమాట. తీగల్ని బిగించే టర్న్‌బకిల్స్ పిన్నులు వంగిపోయుంటే పారేసి కొత్తవి వేయండి, పెద్ద ఖర్చేం కాదు. మాస్ట్ కింద డెక్ (పడవ పైతలం) మెత్తగా దిగుతోందా? అయితే ఆ రోజుకి ఎత్తకండి. ఎత్తేటప్పుడు మాస్ట్ పడే దారిలో ఎవరూ నిలబడకూడదు, పిల్లలైతే మరీ దూరంగా.